విద్యకు వెల: యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

ఎమ్మిగనూరు మగ్గముపై ఒకడు క్రొత్త అంచు నేసెనేని, ప్రక్క మగ్గమువాడు దానిని చూచి నేర్చుకొనును. మొదటివానికి కొంత నష్టమే గాని ఊరికి లాభము. ఆదవాని ప్రత్తిరైతు అనుభవము వేరు. 2006 నాటికి 450 గ్రాముల బీటీ ప్రత్తివిత్తనముల పొట్లము వెల 1600 రూపాయలు దాటియుండెను. అందు పెద్దభాగము జన్యువు నిచ్చిన మహికో-మోన్శాంటో సంస్థ పుచ్చుకొను రుసుమే. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము గుత్తవ్యాపార నిరోధక కమిషను నాశ్రయించి, ఆ యేడే వెలను 750 రూపాయలకు దింపెను. విత్తనము మాత్రము మారలేదు.

కనిపెట్టుటకే వ్యయము, కనిపెట్టినదానికి ప్రతి తీయుటకు వ్యయము స్వల్పము. మొదటి వ్యయము నెవరు భరింపవలెననుటయే వివాదమంతయు. 1983లో రిచర్డు స్టాల్మనును, 1991లో లినస్ టోర్వాల్డ్సును తమ కంప్యూటరు ప్రోగ్రాముల మూలలిపిని లోకమునకు తెరచి యిచ్చుటతో ఈ చర్చ ప్రబలెను. కాని దీని రెండు పక్షములను తన యొక్క జీవితములోనే చూచిన తెలుగువాడు అంతకు చాల పూర్వమే గతించెను. ఆయన చరిత్రమును చదువరులకు నివేదించుచున్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. అన్నదమ్ము లిరువురు సంగ్రహణి వ్యాధిచే కొలదిదినముల యెడముననే మరణించిరి. చెన్నపురి వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదియైన ఎల్.ఎం.ఎస్. పొందిరి. 1922లో బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనుచు హార్వర్డులో చదివిరి.

1925లో ఆయనయు, సైరస్ ఫిస్కెయు రక్తమునందును మూత్రమునందును భాస్వరము నెంత యున్నదో రంగునుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. దానిని పత్రికలో చదివిన ప్రతి ప్రయోగశాలయు కాసైన చెల్లింపక వాడుకొనెను. ఆ పద్ధతితోనే వారు కండరములలో శక్తిని నిలువచేయు ఫాస్ఫోక్రియేటినును 1927లోను, ఏ.టి.పి.ని 1929లోను వెల్లడించిరి. బయటబెట్టిన విద్య ఎంత పండునో యిది సాక్ష్యము. దాచిన విద్య యేమగునో కూడ అక్కడనే కాననగును. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని పదార్థములను ఫిస్కె వెలుగు చూడనీయలేదనియు, వానిని పెక్కేండ్లకు ఇతరులు మరల కనుగొనవలసివచ్చెననియు, పిదప నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచింగ్సు తెలిపెను. అసూయ పేటెంటుకంటె గట్టి తాళము!

హార్వర్డులో స్థిరమైన పదవి దొరకక, 1940లో ఆయన లెడర్లీ ఔషధసంస్థ చేరిరి. ఇచట ధనము గలదు, జనము గలదు. పరిశోధనఫలములపై హక్కు మాత్రము సంస్థది. సుబ్బారావుగారు సర్వమును లోకమునకు ఉచితముగా పంచిపెట్టిరని మనవారు చెప్పుకొందురు. ఈ మాట మా కంగీకారము కాదు. ఆయన జీతగాడు, పంచిపెట్టుటకు ఆ హక్కు ఆయన చేతిలో లేదు. వేలకొలది మట్టినమూనాలను పరీక్షించు ఖర్చును ఒంటరివాడు భరింపజాలడనుటయు నిజమే. ఆ సంస్థలో ఆయన నడిపిన బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగ తయారుచేసెను. సోదరులను మ్రింగిన సంగ్రహణికి అదియే మందయ్యెను. 1947లో బోదకాలు వ్యాధికి హెట్రజాను వెలువడెను. ఆ బృందము చేసిన అమినోప్టెరినుతో సిడ్నీ ఫార్బరు రక్తపుకేన్సరు సోకిన పసిబిడ్డలకు తాత్కాలికముగనైన ఉపశమనము కలిగించెను. ఆయన పరిశోధనాధ్యక్షతలో బెంజమిన్ డగ్గరు మిస్సోరి పొలపుమట్టినుండి తీసిన ఆరియోమైసిను 1948లో లోకమున ప్రకటితమయ్యెను. ఆ యేడు ఆగస్టులోనే, అమెరికా పౌరసత్వము స్వీకరింపకయే, 53 ఏండ్ల వయస్సున సుబ్బారావుగారు నిద్రలో మరణించిరి.

1949లో ఆరియోమైసిను పేటెంటు డగ్గరు పేర, లెడర్లీ యజమానియగు అమెరికన్ సయనమిడు సంస్థకు దక్కెను. అనంతరము జరిగినది మనకు సిగ్గుచేటు. 1911 నాటి తెల్లదొరల చట్టము స్వతంత్రభారతమునను అమలులో నుండగా, పేటెంట్లలో నూటికి 80 మొదలు 90 వరకు విదేశీయులవే యని జస్టిస్ రాజగోపాల అయ్యంగారు 1959లో నివేదించిరి. ఇట్టి మందుల వెలలు ప్రపంచమున మిక్కిలి హెచ్చుగనున్న దేశములలో భారతదేశ మొకటియని అమెరికా సెనేటు సభ్యుడు కెఫావరు నడిపిన విచారణయే తేల్చెను. తెలుగువాని యేలుబడిలో పుట్టిన మందు తెలుగుపేదకు అందరానిదయ్యెను.

1970 నాటి పేటెంటు చట్టము 1972లో అమలునకు వచ్చి, మందుపై గాక దానిని చేయు విధానముపైననే, అదియు ఏడేండ్లకు మించకుండ, హక్కు నిచ్చెను. పిదప మన కర్మాగారములు వేరు విధానములతో అవే మందులను చవుకగ తయారుచేసినవి. 2005లో ప్రపంచవాణిజ్య సంస్థ నిబంధనలకు లోబడి మందులపై పేటెంటు తిరిగివచ్చెను. పాతమందులు దానికి లోబడలేదు. ఆదవాని, ఎమ్మిగనూరు ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణులకు ఇనుముతో కలిపి ఫోలికామ్లపు మాత్రలు ఉచితముగ నిత్తురు. ఆ మాత్రపై రుసుమడుగు హక్కుదారు డెవడును లేడు.