ఇయాన్ మర్డాక్

ఇయాన్ ఆష్లీ మర్డాక్ (1973 ఏప్రిల్ 28 - 2015 డిసెంబరు 28) అమెరికాకు చెందిన కంప్యూటరు నిపుణుడు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు రంగంలో ప్రసిద్ధి చెందిన డెబియన్ ప్రాజెక్టు వ్యవస్థాపకుడు. ఒక వ్యక్తి ఆరంభించిన పని, ఆ వ్యక్తి తప్పుకొన్న తరువాత కూడా సాగాలంటే దానిని ఎట్లా నిర్మించాలో చూపినవాడిగా ఈయనను చెప్పుకొంటారు.

బాల్యం, విద్యాభ్యాసం

మర్డాక్ నాటి పశ్చిమ జర్మనీలోని కాన్‌స్టాంజ్ పట్టణంలో అమెరికన్ దంపతులకు జన్మించాడు. బాల్యం ఇండియానా రాష్ట్రంలో గడిచింది. తండ్రి అక్కడి పర్డ్యూ విశ్వవిద్యాలయంలో కీటకశాస్త్ర ఆచార్యుడు. మర్డాక్ అదే విశ్వవిద్యాలయంలో చదివి, 1996లో కంప్యూటరు శాస్త్రంలో పట్టా పొందాడు.

డెబియన్ ఆవిర్భావం

లినక్స్ అనేది నిజానికి కెర్నెల్ పేరు మాత్రమే. తెరమీది కిటికీలను అమర్చే విండో మేనేజరు, అక్షరాలు దిద్దే ఎడిటరు, ప్రోగ్రాములను అనువదించే కంపైలరు మొదలైనవన్నీ వేర్వేరు రచయితలు వేర్వేరు కాలాలలో విడుదల చేసేవే. వీటన్నిటినీ సేకరించి, ఒకదానితో ఒకటి పొసగేటట్లు కూర్చి అందించే దానిని పంపిణీ అంటారు. 1993 నాటికి బాగా వాడుకలో ఉన్న ఎస్‌ఎల్‌ఎస్ అనే పంపిణీలో దోషాలు ఎక్కువగా ఉండేవి. ఆ అసంతృప్తితో, పర్డ్యూలో విద్యార్థిగా ఉన్న 20 ఏళ్ళ మర్డాక్ 1993 ఆగస్టు 16న కొత్త పంపిణీని ప్రకటించాడు. అప్పటి తన స్నేహితురాలు డెబ్రా పేరునూ తన పేరునూ కలిపి దానికి డెబియన్ అని నామకరణం చేశాడు. ఆమెను తరువాత వివాహం చేసుకొన్నాడు. అనంతర కాలంలో వారు విడిపోయారు.

ఈ పంపిణీ తయారీ అంతా బహిరంగంగా, అందరి సహకారంతో జరగాలని వివరిస్తూ ఈయన డెబియన్ ప్రణాళికా పత్రాన్ని రచించాడు.

ఒక్కడి నుండి సమూహానికి

1994 జనవరిలో 0.91 విడుదల వెలువడింది. అప్పటికే కొన్ని డజన్ల మంది సహకరిస్తున్నా, విడుదలలను కూర్చే పని అధికంగా మర్డాక్ ఒక్కడే చేసేవాడు. ఇది ఎంతోకాలం సాగదని గ్రహించి, 1994లో ఎక్కువ భాగం ఇతరులు సులభంగా పాలుపంచుకొనే ఏర్పాట్లకే వెచ్చించాడు. ఇదే కాలంలో ఇయాన్ జాక్సన్ డీపీకేజీ అనే ప్యాకేజీ నిర్వహణ సాధనాన్ని అభివృద్ధి చేశాడు. 1994 నవంబరు నుండి ఏడాది పాటు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఈ ప్రాజెక్టును పోషించింది.

1995 మార్చిలో వచ్చిన 0.93ఆర్5 విడుదలతో కొత్త పద్ధతి నెలకొన్నది. ప్రతి ప్యాకేజీకీ ఒక నిర్వాహకుడు ఉంటాడు. ఉదాహరణకు ఒక విండో మేనేజరు ప్యాకేజీని తీసుకొంటే, మూల రచయిత విడుదల చేసిన సోర్సును తెచ్చి డెబియన్ నియమాలకు అనుగుణంగా మలచడం, వాడుకరులు తెలిపిన దోషాలను సరిచేయడం, వాటిని మూల రచయితకు తెలియజేయడం ఆ నిర్వాహకుని విధులు. ఏ ప్యాకేజీకి ఏవి తోడు కావాలో ప్యాకేజీలోనే నమోదై ఉంటుంది. కనుక ఒకరి ముఖం ఒకరు చూడని వారి పని కూడా ఒకే కంప్యూటరులో పొసగుతుంది. ఎఫ్‌వీడబ్ల్యూఎం, విండో మేకర్ వంటి పలు విండో మేనేజర్లు డెబియన్‌లో పక్కపక్కనే ఉండడానికి ఆధారం ఇదే.

1995 డిసెంబరులో ఒక సీడీ సంస్థ ఇంకా పూర్తికాని రూపాన్ని 1.0 అనే పేరుతో ముద్రించింది. గందరగోళం తొలగించడానికి ఆ సంఖ్యను వదలివేసి, 1996 జూన్‌లో 474 ప్యాకేజీలతో 1.1ను విడుదల చేశారు. అప్పటికే, 1996 మార్చిలో, మర్డాక్ నాయకత్వాన్ని బ్రూస్ పెరెన్స్‌కు అప్పగించాడు. 1997లో సామాజిక ఒప్పందం, 1998లో నియమావళి ఆమోదం పొందాయి. దానితో వ్యవస్థాపకుని మాటపై గాక, సభ్యులు ఎన్నుకొనే నాయకునితో ప్రాజెక్టు నడిచే పద్ధతి స్థిరపడింది.

తరువాతి జీవితం

ఈయన ఇండియానాపోలిస్‌లో ప్రోజెనీ లినక్స్ సిస్టమ్స్ సంస్థను నెలకొల్పాడు. అది 2007లో మూతపడింది. లినక్స్ ఫౌండేషన్‌లో ముఖ్య సాంకేతికాధికారిగా పనిచేసి, 2007 మార్చిలో సన్ మైక్రోసిస్టమ్స్‌లో చేరాడు. అక్కడ ప్రాజెక్ట్ ఇండియానాకు నాయకత్వం వహించాడు. దాని ఫలితంగా 2008 మేలో ఓపెన్‌సొలారిస్ పంపిణీ వెలువడింది. 2010లో ఒరాకిల్ సంస్థ సన్‌ను కొనుగోలు చేసి ఆ పంపిణీని నిలిపివేసింది. ఒక సంస్థ అధీనంలో ఉన్న ఓపెన్‌సొలారిస్ ఆ సంస్థ చేతులు మారగానే ఆగిపోగా, ఈయన ఇరవైయవ ఏట ఆరంభించి విడిచిపెట్టిన డెబియన్ నిరాటంకంగా సాగింది. 2011 నుండి ఎగ్జాక్ట్‌టార్గెట్‌లోనూ, 2015 నవంబరు నుండి డాకర్ సంస్థలోనూ పనిచేశాడు.

మరణం, స్మృతి

మర్డాక్ 2015 డిసెంబరు 28న శాన్ ఫ్రాన్సిస్కోలో 42వ ఏట మరణించాడు. అది ఆత్మహత్య అని అక్కడి వైద్య పరీక్షాధికారి నిర్ధారించారు. 2017 జూన్ 17న వెలువడిన డెబియన్ 9 విడుదలను ఈయనకు అంకితమిచ్చారు.

2004లో మొదలైన ఉబుంటుతో సహా అనేక పంపిణీలకు డెబియనే ఆధారం. లోహిత్ తెలుగు ఖతి కూడా డెబియన్ భాండాగారంలో ఒక ప్యాకేజీగా చేరింది. ఆగస్టు 16ను డెబియన్ అభిమానులు ఏటా డెబియన్ దినంగా జరుపుకొంటారు.