నీలికళ్ళ సమురాయ్

గెలిచినవాడి పేరే లోకానికి గుర్తుంటుందని పెద్దలు అంటూ ఉంటారు. ఆ మాట పూర్తిగా నిజం కాదని చెప్పడానికి ఆండీ హుగ్ జీవితం ఒక్కటి చాలు. ఇతడు గెలిచినవాడే, కాదనను. కానీ ఇతడు ఓడిన తీరూ, ఓడి మళ్ళీ లేచి నిలబడ్డ తీరూ చూసే జపాను జనం ఇతడిని తమవాడిగా చేసుకున్నారు. ఎక్కడి స్విట్జర్లాండు, ఎక్కడి జపాను! ఆ దేశంవాళ్ళు ఒక తెల్లవాడిని పట్టుకుని నీలికళ్ళ సమురాయ్ అని పిలిచారంటే అది మామూలు సంగతి కాదు.

హుగ్ 1964 సెప్టెంబరు 7న జ్యూరిక్ నగరంలో పుట్టాడు. తండ్రి ఫ్రెంచి విదేశీ దళంలో సిపాయి. కొడుకు మొహమైనా చూడకుండానే థాయిలాండులో చనిపోయాడు. పిల్లవాడు వోలెన్ అనే చిన్న ఊళ్ళో తాతా అమ్మమ్మల దగ్గర పెరిగాడు. డబ్బున్న కుటుంబం కాదు. చదువు అయ్యాక మాంసం కొట్టులో పని నేర్చుకున్నాడు. చిన్నప్పుడు ఫుట్‌బాల్ బాగా ఆడేవాడు. అయితే పదేళ్ళ వయసులో ఒక కరాటే శిక్షణశాలలో అడుగు పెట్టాడు. అక్కడి నుంచి అతని దారి మారిపోయింది.

అతను నేర్చుకున్నది క్యోకుషిన్ పద్ధతి. దీన్ని స్థాపించినవాడు మసుతత్సు ఓయామా. ఇందులో చేతికి గ్లోవ్స్ ఉండవు, ఒంటికి కవచం ఉండదు. ముఖం మీద చేత్తో కొట్టకూడదు గానీ కాలితో తన్నవచ్చు. దెబ్బ తగలకుండా ఆపేసి పాయింట్లు లెక్కపెట్టే ఆట కాదిది. దెబ్బ నిజంగా తగలాల్సిందే. ఈ పద్ధతిలో నాలుగేళ్ళకొకసారి ప్రపంచ పోటీ జరుగుతుంది. మొదటి పోటీ 1975లో జరిగింది. అప్పట్లో జపాను వాళ్ళదే రాజ్యం. 1987లో టోక్యోలో జరిగిన నాలుగో పోటీలో హుగ్ ఫైనలుకు చేరుకున్నాడు. విదేశీయుడొకడు అంతదూరం రావడం అదే మొదటిసారి. ఫైనలులో మట్సుయి చేతిలో ఓడిపోయాడు. ఓడినా సరే, అతని కాలు మాత్రం అందరికీ గుర్తుండిపోయింది.

ఆ కాలు సంగతి కొంచెం చెప్పాలి. జపాను భాషలో దాన్ని కకాతో ఒతోషి అంటారు, అంటే మడమను పైనుంచి దించడమన్నమాట. కాలిని నిటారుగా తలకంటే పైకి ఎత్తి, మడమతో ఎదుటివాడి తల మీదనో భుజం మీదనో దించుతారు. మా ఇంట్లో కట్టెలు కొట్టేటప్పుడు గొడ్డలి ఎత్తి దించుతామే, అచ్చం అలాగే. గొడ్డలి బరువే సగం పని చేసిపెడుతుంది. మిగతా సగం మనం ఇచ్చే ఊపు. మనిషి బరువులో ఒక కాలి బరువు సుమారు ఆరో వంతు. హుగ్ దాదాపు 98 కిలోల మనిషి. అంటే పదహారు కిలోల బరువు అంత ఎత్తు నుంచి భూమ్యాకర్షణతోనూ కండరాల బలంతోనూ కలిసి దిగుతుందన్నమాట. పైగా కాచుకునేవాడి చేతులు ముందునుంచీ పక్కలనుంచీ వచ్చే దెబ్బలకే అలవాటు పడి ఉంటాయి. నెత్తిమీద నుంచి వచ్చేదాన్ని ఎవరు ఊహిస్తారు? ఈ దెబ్బను కనిపెట్టింది హుగ్ కాదు. కానీ హుగ్ అనగానే ఆ దెబ్బే గుర్తొచ్చేంతగా దాన్ని తన సొంతం చేసుకున్నాడు.

1991లో మళ్ళీ ప్రపంచ పోటీ వచ్చింది. ఈసారి కప్పు హుగ్‌దే అనుకున్నవాళ్ళు చాలామంది. ఎదురుపడ్డవాడు ఫ్రాన్సిస్కో ఫిల్హో, ఇరవై ఏళ్ళ బ్రెజిల్ కుర్రాడు. సమయం అయిపోయిందని గంట మోగింది. హుగ్ చేతులు కాస్త కిందికి దించాడు. సరిగ్గా ఆ క్షణంలో ఫిల్హో అప్పటికే విసిరిన కాలు వచ్చి తలకు తగిలింది. హుగ్ స్పృహ తప్పి పడిపోయాడు. ఆ దెబ్బ గంటకు ముందుదా, తరువాతదా అని పెద్ద వాదం నడిచింది. చివరికి ఓయామాయే స్వయంగా తీర్పు చెప్పి ఫిల్హోనే గెలిచాడన్నాడు. యోధుడైనవాడు గంట మోగినా ఏమరుపాటుగా ఉండకూడదన్నది ఆయన ధర్మం.

అది న్యాయమా, అన్యాయమా? నా మట్టుకు నాకు అన్యాయంగానే తోస్తుంది. గంట మోగాక కూడా కాచుకోవాలంటే ఇక గంట ఎందుకు? అయితే హుగ్ ఆ వాదం పట్టుకుని కూర్చోలేదు. అందులోనే అతని గొప్పతనం ఉంది. 1992లో సెయిదోకైకన్ అనే మరో కరాటే సంస్థలో చేరి, ఆ ఏడే దాని ప్రపంచ కప్పు గెలిచాడు. ఆ సంస్థ స్థాపకుడు కజుయోషి ఇషీ 1993లో కె-1 పేరుతో కొత్త పోటీ మొదలుపెట్టాడు. కరాటేవాడూ, కిక్‌బాక్సరూ ఒకే బరిలో, ఒకే నియమాలతో తేల్చుకోవాలన్నది ఉద్దేశం. చేతికి బాక్సింగ్ గ్లోవ్స్, ముఖం మీద గుద్దులు. హుగ్‌కి రానిదల్లా ఆ గుద్దులే! ముప్పయ్యో ఏట పడబోతూ బాక్సింగ్ ఓనమాలు దిద్దుకోవాల్సి వచ్చింది. పైగా అతని ఎత్తు 180 సెంటీమీటర్లే. ఎదుటివాళ్ళలో కొందరేమో 190 దాటినవాళ్ళు.

ఫలితం అనుకున్నట్టే అయింది. 1994 గ్రాండ్ ప్రీలో పాట్రిక్ స్మిత్ అనే అమెరికా వాడు 19 సెకన్లలో పడగొట్టాడు. 1995లో దక్షిణాఫ్రికా బాక్సర్ మైక్ బెర్నార్డో ఒకసారి కాదు, రెండుసార్లు చిత్తు చేశాడు. ఇక ఇతని పని అయిపోయిందనే అనుకున్నారు. కానీ స్మిత్‌ను అదే 1994లో మళ్ళీ పిలిచి మొదటి రౌండులోనే బాకీ తీర్చాడు. బెర్నార్డో బాకీ మాత్రం మిగిలింది.

అది 1996 మే 6న యొకొహామాలో తీరింది. ఒక్క రాత్రిలో ముగ్గురిని గెలిస్తేనే కప్పు. మొదట బార్ట్ వేల్‌ను సునాయాసంగా గెలిచాడు. తరువాత హాలండు దేశపు మేటి కిక్‌బాక్సర్ ఎర్నెస్టో హోస్ట్. ఆ పోటీ తేలక అదనపు రౌండ్లకు పోయింది. ఒళ్ళంతా హూనమయ్యాక నెగ్గాడు. అటువంటి ఒంటితో ఫైనలుకు వస్తే ఎదురుగా బెర్నార్డో! అందరూ తల మీద దెబ్బ కోసం చూస్తుంటే హుగ్ కింద కాళ్ళు నరుకుతూ వచ్చాడు. రెండో రౌండులో గిర్రున తిరిగి మడమతో తొడ మీద కొట్టిన దెబ్బకు అంతటి భారీ మనిషి కూలిపోయాడు. మళ్ళీ లేవలేదు. కప్పు హుగ్‌ది.

ఆ తరువాత అంతా విజయమే అని రాస్తే అబద్ధం అవుతుంది. 1997లో ఫిల్హో మళ్ళీ ఎదురై మొదటి రౌండులోనే పడగొట్టాడు. ఆ బాకీ తీరనే లేదు. 1997 ఫైనలులో హోస్ట్ చేతిలోనూ, 1998 ఫైనలులో మరో హాలండు వీరుడు పీటర్ ఆర్ట్స్ చేతిలోనూ ఓడాడు. అయినా వరసగా మూడేళ్ళు ఫైనలుకు వచ్చినవాడిని తక్కువవాడని ఎవరంటారు?

2000 జూన్ 3న జ్యూరిక్‌లో సొంత జనం ముందు క్రొయేషియా యోధుడు మిర్కో ఫిలిపోవిచ్‌ను ఓడించాడు. జూలైలో జపానులో మరొకడిని మొదటి రౌండులోనే గెలిచాడు. ఆగస్టులో జ్వరం వచ్చింది. పరీక్ష చేస్తే తీవ్రమైన లుకేమియా అని తేలింది. ఎముక మజ్జలో పక్వానికి రాని తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగి, మంచి రక్తకణాలకు చోటు లేకుండా చేసే జబ్బు ఇది. రోజుల వ్యవధిలోనే మనిషిని లొంగదీసుకుంది. ఆగస్టు 24న టోక్యో ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఇంకో రెండు వారాలుంటే ముప్పయ్యారేళ్ళు నిండేవి. భార్యా, పసివాడైన కొడుకూ మిగిలారు. వేలాది జనం కడసారి చూపుకు వచ్చారు. అతని అస్థికలు క్యోటోలోని ఒక ఆలయంలో ఉన్నాయి.

ఈ పోరాటంలో మాత్రం అతనికి రెండో అవకాశం దొరకలేదు. లోకంలో కొన్ని గంటలు అలాగే మోగుతాయి. కానీ మనలో చాలామందిని పడగొట్టేవి అటువంటివి కావు. ఒక సబ్జెక్టు పోయిందని గదిలో తలుపేసుకుని కూర్చున్న మిత్రులను నేను చూశాను. ఒక ఏడాది నేనూ కూర్చున్నాను. 19 సెకన్లలో పడిపోయినవాడు రెండేళ్ళకు కప్పు ఎత్తాడని అప్పట్లో నాకు ఎవరైనా చెప్పి ఉంటే తలుపు కాస్త తొందరగా తీసేవాడినేమో. అందుకే ఈ నాలుగు పేజీలు.