పేరు లేని సమాధి: లైప్‌జిగ్ థామస్ చర్చిలో బాఖ్ గారి సేవ

జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో సెయింట్ థామస్ చర్చి ఉంది కదా, అక్కడ సేవ చేసిన బాఖ్ గారి గురించి ఈరోజు చెప్తాను.

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1685లో పుట్టారు. పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులు పోతే అన్నగారింట్లో పెరిగారు. 1723లో ఈ చర్చి సంగీత బాధ్యత ఆయనకు దొరికింది. అదీ నగర పెద్దలు ముందు కోరుకున్న టెలిమాన్, గ్రౌప్నర్ రాకపోతేనే!

1212లో మొదలైన బాలుర గాయకబృందాన్ని ఆయన 27 ఏళ్లు నడిపించారు. మొదటి ఏళ్లలో దాదాపు ప్రతి ఆదివారానికీ కొత్త సంగీతం రాసి, పిల్లలకు నేర్పి పాడించేవారు. మంచి గాయకులు కావాలని పెద్దలతో పోరాడారు. ఇంట్లో 20 మంది పిల్లలు పుడితే సగం మందే బతికారు. అయినా చాలా రచనల చివర, మహిమ దేవునికే అని అర్థమొచ్చే మూడక్షరాలు రాసేవారు.

1750లో చనిపోతే సమాధి మీద పేరైనా లేదు. మత్తయి సువార్తలోని శ్రమలకు ఆయన కట్టిన సంగీతాన్ని 1829లో మెండెల్సన్ బెర్లిన్‌లో మళ్లీ వినిపించాకే లోకం తిరిగి చూసింది. 1950 నుంచి ఆయన సమాధి ఈ చర్చిలోనే ఉంది.

నన్ను కదిలించింది ఆ కీర్తి కాదండీ, ఎవరూ మెచ్చుకోకపోయినా వారం వారం చేసిన ఆ పని. మీ సంఘంలో పిల్లలకు ఓపిగ్గా పాట నేర్పేవాళ్లుంటే, ఈ ఆదివారం వాళ్లకో మంచి మాట చెప్పండి.