గోలకొండ కవులను ఒకచోట చేర్చిన సురవరము ప్రతాపరెడ్డిగారు

కావ్యము వ్రాయువానికి కలము కాగితము ఉన్నంతమాత్రాన చాలదు. వ్రాసినదానిని విని, తలయూచియో తప్పుపట్టియో మాటలాడు తోడివాడొకడు కావలయును. అట్టి తోడు లేక ఊరికొకరుగా, ఒంటరిగా వ్రాసికొనుచుండిన నిజాం రాష్ట్రపు తెలుగు కవులను ఒకరికొకరిని ఎరుకపరచిన మహనీయుడు సురవరము ప్రతాపరెడ్డిగారు.

వీరు 1896 మే 28వ తేదీన గద్వాల ప్రాంతమందలి బోరవెల్లిలో, మాతామహుల యింట జన్మించిరి. స్వగ్రామము ఇటికాలపాడు. తల్లి రంగమ్మ, తండ్రి నారాయణరెడ్డి. మదరాసులో బి.ఏ. చదివి, న్యాయశాస్త్రమును కూడ అభ్యసించిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారసీకము, ఆంగ్లము వీరికి చక్కగా వచ్చును. కొత్వాలు రాజబహద్దూరు వేంకటరామారెడ్డిగారి ప్రోత్సాహమున హైదరాబాదు రెడ్డి హాస్టలు నిర్వహణభారము వహించి, అచ్చట విద్యార్థులకొక మంచి గ్రంథాలయమును కూర్చిరి. న్యాయవాదవృత్తిలో ధనమార్జింపగల చదువుండియు వీరి మనస్సు అచ్చుయంత్రము మీదికే పోయెను.

ఆనాటి స్థితిని నేటి యువకులు ఊహించుట కష్టము. రాష్ట్రమున రాజభాష ఉర్దూ. పాఠశాలలోను, కచ్చేరీలోను తెలుగునకు చోటు లేదు. 1921లో వివేకవర్ధినీ భవనమందు జరిగిన సంస్కరణసభలో ఒక వక్త తెలుగున మాటలాడబోగా సభికులు అల్లరిచేసి ఆపివేసిరి. ఆ అవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలెనను నిర్బంధము కూడ తరువాత వచ్చెను. ఇట్టిచోట కవులు కూడియుండుట యెట్లు?

పూర్వము కవులు కలిసికొనుటకు సంస్థానములుండెను. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు ప్రభువుల కొలువులలో పండితులు ఏటేట చేరి పద్యములు వినిపించి సన్మానములందిరి. గద్వాలకు విద్వద్గద్వాల యను పేరు ఊరక రాలేదు. కాని కొలువునకు పోగలిగినవారెందరు? గ్రామమున కరణీకము చేసికొనుచు, వీధిబడి నడుపుకొనుచు, పొలము దున్నుకొనుచు పద్యము చెప్పువానికి ఆ ద్వారము తెరువబడలేదు. వాని తాటాకులు వాని యటుకమీదనే యుండెను. హైదరాబాదులో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము పట్టణవాసులకు మేలుచేసినవి. 1922లో ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సోదరుల తెనుగుపత్రిక, నల్లగొండ నుండి షబ్నవీసు వారి నీలగిరి వెలువడినవి గాని ఎక్కువ కాలము నిలువలేదు.

1926 మే 10న ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక వారమునకు రెండుమారులు వెలువడ నారంభించెను. వార్తలు సేకరించుట, సంపాదకీయము వ్రాయుట, అచ్చుదిద్దుట మొదలు పెక్కుపనులు ఆయనవే. వ్రాయువారు తక్కువైనచోట తానే మారుపేర్లతో వ్రాసి పుటలు నింపుచుండిరి. ఒక పత్రికాధిపతి పలువురి రూపములెత్తవలసి వచ్చినదన్న ఆనాడు రచయితల పొత్తు ఎంత కొరవడియుండెనో తెలియుచున్నది.

మన ఉప్పుగూడ మీదుగా సాగు ఇనుపదారి ఫలకనుమ దాటి, పాలమూరు గడచి గద్వాల చేరును. ఈ బస్తీనుండి ఆయన పుట్టినసీమకు దూరము అంతియే. అయినను ఆ కాలమున ఆ సీమలోని కవి పేరు ఈ నగరమున తెలియదు. ఈ నగరములోని కవి పేరు ఓరుగల్లున తెలియదు. ఇట్లుండగా ఒక పండితుడు నిజాం రాష్ట్రమున తెలుగుకవులు పూజ్యమని వ్రాసెను. ఈ మాట తెలంగాణమువారి మనస్సులను గాయపరచెను. ప్రతాపరెడ్డిగారు కోపముతో మారుమాట వ్రాసి ఊరకుండవచ్చును. అట్లు చేయక, కవులందరు తమ పద్యములను, తమ వివరములను పంపవలసినదని కోరిరి. పల్లెపల్లె నుండి ఉత్తరములు రాసాగెను. వానినన్నిటిని కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు చోటుచేసికొనిరి. ఆస్థానపండితుల సరసన పేరెరుగని పల్లెకవులు, పురుషుల సరసన కవయిత్రులు నిలిచిరి.

ఇందలి పద్యములన్నియు ఒకే సత్తువ గలవని మేమనజాలము. కొన్ని మామూలు స్తుతులే. కాని సంపాదకుడు జల్లెడపట్టి ఇరువదిమందినే నిలిపియుండిన, ఆక్షేపకునకు సమాధానము దొరకునుగాని మిగిలినవారి యొంటరితనము తీరెడిది కాదు. తన పేరు, తన ఊరు అచ్చులో చూచుకొన్న కవి, ఆ పుట త్రిప్పగానే తన తాలూకాలోనే మరియొక కవి యున్నాడని తెలిసికొనెను. సభకు అనుమతి కావలసిన రాజ్యమున ఒక పుస్తకమే సభయైనది. పలువృత్తులవారు సమముగా కూర్చుండి తమ తమ అనుభవమును మాటలలో పెట్టిన కల్యాణపు అనుభవమంటపము మనవారికి ఇక్కడ గుర్తురాక మానదు. ఆ కల్యాణము కూడ ఆనాడు నిజాం రాజ్యమందలి బీదరు సీమలోనిదే.

అంతకు నాలుగేండ్లు ముందు, 1930లో, జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్రమహాసభకు ఆయనయే అధ్యక్షులు. 1943లో ఆంధ్రసారస్వతపరిషత్తు ఏర్పడగా ఆ కృషిలోను పాల్గొనిరి. చెదరియున్న సాహిత్యకారులకు అది స్థిరమైన నెలవయ్యెను.

ఆయన ప్రసిద్ధగ్రంథమైన ఆంధ్రుల సాంఘిక చరిత్రలోను ఇదే చూపు కానవచ్చును. రాజుల యుద్ధములను వెనుకకు నెట్టి జనుల తిండి, బట్ట, ఆట, పాట, వృత్తులను ముందుకు తెచ్చిరి. కాకతీయుల కాలమును వర్ణించుటకు పాల్కురికి సోమనాథుని బసవపురాణమును, పండితారాధ్య చరిత్రమును గని త్రవ్వినట్లు త్రవ్విరి. మతగ్రంథములని చరిత్రకారులు తరచు ప్రక్కనబెట్టు ఆ ద్విపదలలో చాకలి, కుమ్మరి, జాలరి, మేదరి బ్రతుకులు ఉన్నవని వారు గుర్తించుట మనకు సంతోషకరము. మన పిల్లలలో ఎందరు ఆ పుటలు చదివిరో!

1952 ఎన్నికలలో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25న, ఏబదియేడవయేట, కన్నుమూసిరి. సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము 1955లో లభించెను. తెలుగున ఆ పురస్కారమందిన తొలిగ్రంథమదియే. గోలకొండ పత్రిక ఆయన తరువాత 1966 వరకు నడిచెను.