సముద్రం లేని ఊరి నుంచి: అడ్మిరల్ కటారి

మా మనవడు నేవీకి దరఖాస్తు పెడతానన్నప్పుడు ఇంట్లో ఎవరికీ మనసొప్పలేదు. సముద్రం లేని చిత్తూరు వాళ్ళకు ఓడలెందుకని మా కోడలు బాధపడింది. ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి అడ్మిరల్ రామ్‌దాస్ కటారి గారి సంగతి చెప్పాను. అదే మన సభ్యుల కోసం రాస్తున్నాను.

మన చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే, అక్టోబరు 8న, పొరుగునున్న చెంగల్పట్టులో తెలుగు కుటుంబంలో ఆయన జన్మించారు. చదువు మాత్రం సముద్రానికి దూరంగా, హైదరాబాదులో. 1927లో బొంబాయిలో డఫరిన్ శిక్షణ నౌక ప్రారంభం కాగానే తొలి జట్టులో చేరారు. తర్వాత హుగ్లీ నది మీద కొలువు. రెండవ ప్రపంచయుద్ధం వచ్చాక నౌకాదళంలో ప్రవేశించారు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1949లో మన దేశం బ్రిటన్ నుంచి మూడు పాత డిస్ట్రాయర్లను తీసుకుని రాజ్‌పుత్, రణజిత్, రాణా అని పేర్లు పెట్టింది. పెద్ద ఓడలకు కాపలాగా వేగంగా తిరుగుతూ, నీటి అడుగున పొంచి ఉన్న సబ్‌మెరీన్లను వెతికి పట్టడం వాటి పని. రాజ్‌పుత్‌కు కెప్టెన్‌గా, ఆ దళానికి నాయకుడిగా కటారి గారు పనిచేశారు.

సైన్యానికి 1949లో, వైమానిక దళానికి 1954లో మనవాళ్ళు అధిపతులయ్యారు. నౌకాదళానికి మాత్రం 1958 ఏప్రిల్ దాకా ఆంగ్లేయులే. ఏప్రిల్ 22న తొలి భారతీయ అధిపతిగా బాధ్యత తీసుకున్నది కటారి గారు. ఆయన హయాంలోనే, 1961లో, విక్రాంత్ వచ్చింది, గోవా విముక్తి జరిగింది. 1962లో రిటైరయ్యారు. ఊరికే కూర్చోలేదు, బర్మాలో రాయబారిగా పనిచేశారు. 1983 జనవరిలో కన్నుమూశారు.

ఆయన నడిపిన రాజ్‌పుత్ సంగతి కూడా చెప్పాలి. 1971 డిసెంబరులో, మనబోటి వయసు మళ్ళిన ఆ ఓడే విశాఖపట్నం రేవు బయట డెప్త్‌చార్జీలు వేసింది. పాకిస్తాన్ సబ్‌మెరీన్ ఘాజీ అక్కడే మునిగింది. మునిగింది ఆ దెబ్బకేనని మన నౌకాదళం, లోపలి పేలుడు వల్లనని పాకిస్తాన్ అంటాయి. ఏదైనా, మన తీరం నిలిచింది. అదే పేరుతో 1980లో వచ్చిన కొత్త డిస్ట్రాయర్ 41 ఏళ్ళు కొలువు చేసి, 2021 మే 21న విశాఖలోనే విరమించింది.

అంతా విన్న మా కోడలు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే వాడి సర్టిఫికెట్లు బీరువాలోంచి తానే తీసి బల్ల మీద పెట్టింది. వాడు ఎంపికవుతాడో లేదో ఇంకా తెలియదు. దరఖాస్తు మాత్రం వెళ్ళింది.