త్యాగయ్యగారింట్లో పొయ్యి

త్యాగరాజస్వామి అనగానే మనకు తంబురా, చిడతలు, తలపాగా కనబడతాయి. కొన్ని పటాల్లో ఇంకొకటి కూడా ఉంటుంది, మనం అంతగా పట్టించుకోం. ఒంటికి వేలాడుతున్న చెంబు. అందులో పడిన బియ్యమే ఆ ఇంటికి ఆదాయం. ఈసారి గోడపత్రికకు ఆయన గురించి రాయమన్నప్పుడు నాకు రాగాలకంటే ముందు ఆ బియ్యమే గుర్తొచ్చింది.

వాళ్లు కాకర్లవారు. ఎప్పుడో తెలుగుసీమ వదిలి కావేరి ఒడ్డుకు వచ్చి స్థిరపడ్డారు, మన తాతముత్తాతల్లాగే. త్యాగయ్య 1767లో తిరువారూరులో పుట్టాడు. తండ్రి రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. చిన్నప్పుడే కుటుంబం తిరువైయారుకు మారింది. తండ్రి రామాయణ పురాణం చెప్పేవాడు. శొంఠి వెంకటరమణయ్యగారి దగ్గర సంగీతం నేర్చుకోవడం, రామనామ జపం, ఇవన్నీ మనకు పాఠంలో ఉన్నవే కాబట్టి వదిలేస్తున్నాను.

పాఠంలో లేనిది కరువు. ఆయనకు పద్నాలుగేళ్లప్పుడు, 1781లో, హైదరాలీ సైన్యం తంజావూరు సీమ మీద పడింది. పంటలు, కాలువలు పాడైపోయాయి, ఊళ్లకు ఊళ్లు లేచిపోయాయి. అన్నపు గిన్నె అని పేరుపడ్డ నేలలో గింజ కరువైంది. ఇక 1799లో రాజ్యం కంపెనీ చేతికి పోయింది, రాజుగారికి కోటా భరణమూ మిగిలాయి. అలాంటి రోజుల్లో కొలువులో చోటు దొరకడమంటే ఇంటిల్లిపాదికీ జీవితాంతం తిండి దొరకడమన్నమాట. శరభోజి మహారాజు పిలిచినా త్యాగయ్య వెళ్లలేదని అందరూ చెప్పుకుంటారు. నిధి గొప్పదా, రాముడి సన్నిధి గొప్పదా అని ఆయన కల్యాణి రాగంలో పాడుకున్న కృతి మన సంగీతం క్లాసులో అందరికీ వచ్చు.

అన్న జపేశుడికి మాత్రం ఒళ్లు మండిపోయింది. తమ్ముడు పూజించే విగ్రహాలు తీసుకెళ్లి కావేరిలో పడేశాడంటారు. సినిమాల్లో అతను దుర్మార్గుడు. చేసింది తప్పే, కాదనను. కానీ వచ్చిన కొలువు కాలదన్నాడని ఇంట్లో ఒక్కరికైనా కోపం రావడం అంత వింతా? అన్నదమ్ములు వేరుపడ్డారు, ఇల్లు రెండు భాగాలైంది. త్యాగయ్య వంతుకు వచ్చిన సగంలో పొయ్యి వెలగాలంటే మిగిలిన దారి ఉంఛవృత్తి.

ఉంఛవృత్తి అంటే బిచ్చమెత్తడం అని చెప్పేస్తే సరిపోదు. పొద్దున్నే స్నానం, పూజ ముగించి, భజన పాడుకుంటూ వీధి వెంట నడవాలి. ఎవరినీ అడగకూడదు. గడపలోకి వచ్చి ఎవరైనా గుప్పెడు బియ్యం వేస్తే పుచ్చుకోవాలి. ఆ పూటకు చాలినంత చాలు, రేపటికి దాచుకోకూడదు. ఆయన దివ్యనామ కీర్తనలు అంత సులువైన వరుసల్లో ఉండటానికి ఇదీ ఒక కారణం అనిపిస్తుంది, నడుస్తూ నలుగురితో కలిసి పాడాలి కదా. ఆ గుప్పెడు వేసిందెవరు? మగవాళ్లు కాదు. ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టుకున్న ఆడవాళ్లు. ఆ వీధి వంటిళ్లన్నీ కలిసి ఈ వంటింటిని నడిపాయి.

చెంబు ఇల్లు చేరాక పని కమలాంబది. త్యాగయ్య మొదటి భార్య పార్వతి పిల్లలు లేకుండానే చనిపోయింది. ఆమె చెల్లెలే కమలాంబ. పది ఇళ్ల బియ్యం ఒకే రకంగా ఉండవు. పాతబియ్యానికి నీళ్లు ఎక్కువ కావాలి, కొత్తబియ్యం అవే నీళ్లలో ముద్దయిపోతుంది, నూకలు ముందే కరిగిపోతాయి. మా అమ్మమ్మ రేషన్ బియ్యంలో మిగిలిన పాతవి కలిస్తే చేట ముందేసుకుని గంట కూర్చునేది. నూకలు జావకు, మంచివి అన్నానికి, గంజి వార్చి చారులోకి. కమలాంబ కూడా రోజూ ఏదో ఒకటి ఇలాగే చేసి ఉండాలి. పైగా చెంబులో పడేది బియ్యం ఒక్కటే. పప్పు, చింతపండు, ఉప్పు, కట్టెలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఎవరూ రాసిపెట్టలేదు. తినేవాళ్లు మొగుడూ పెళ్లామూ కూతురూ మాత్రమే కాదు, గురువుగారి దగ్గర ఏళ్లతరబడి ఉండి నేర్చుకున్న శిష్యులున్నారు, వచ్చీపోయేవాళ్లున్నారు.

ఒక కథ ఉంది, ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఒక సాయంత్రం ముసలి దంపతులు, వాళ్ల వెంట ఒక పనివాడు వచ్చి, ఈ పూట ఇక్కడ ఉంటామన్నారు. ఇంట్లో గింజ లేదు. కమలాంబ చప్పుడు చేయకుండా గిన్నె తీసుకుని పక్కింటికి అప్పుకు బయలుదేరింది. ముసలాయన అది గమనించి ఆపి, తమ మూటలో ఉన్నది తీసి వండమన్నాడు. అందరూ తిన్నారు. తెల్లారి వాళ్లు వెళ్లిపోతుంటే రాముడు, సీత, హనుమంతుడని త్యాగయ్యకు తెలిసింది, మోహన రాగంలో పాట వచ్చింది. దేవుడు వచ్చాడా లేదా అన్నది మీ ఇష్టం. ఆ గిన్నె మాత్రం నిజమే అయి ఉంటుంది. కథ కట్టినవాళ్లకు ఆ ఇల్లు తెలుసు.

డబ్బు అసలు రాలేదని కాదు. మద్రాసు దగ్గర కోవూరులో సుందరేశ మొదలియారు వెయ్యి వరహాలు ఆయనకు తెలియకుండా పల్లకీలో పెట్టించాడని, అవి శ్రీరామనవమి ఖర్చుకని శిష్యులతో చెప్పాడని అంటారు. కూతురు సీతాలక్ష్మి పెళ్లికి శిష్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ తెచ్చిన కానుక రాముడి పటం. త్యాగయ్య పొంగిపోయాడు. ఆ పెళ్లి వంట సరుకుల గురించి ఎక్కడా లేదు.

కమలాంబ భర్తకంటే ముందే వెళ్లిపోయింది. ఆమె పోయాక ఆయన సన్యాసం తీసుకున్నాడు, 1847 జనవరి 6న సిద్ధి పొందాడు. కొన్ని వందల కృతులు శిష్యులు దాచిపెట్టబట్టి మిగిలాయి.

పుష్య బహుళ పంచమినాడు తిరువైయారులో ఆరాధన జరుగుతుంది. పొద్దున్నే ఆయన ఇంటినుంచి సమాధిదాకా ఉంఛవృత్తి పాడుకుంటూ వెళతారు. ఈ ఏడు మన డిపార్ట్‌మెంటునుంచి వెళ్లేవాళ్లు ముందు రోజే కొంచెం బియ్యం కొంగున కట్టుకోండి, చెంబు మన ముందునుంచి చాలా తొందరగా వెళ్లిపోతుందట.