గాజుల లక్ష్మీనరసు శెట్టి

గాజుల లక్ష్మీనరసు శెట్టి (1806 - 1868) మద్రాసు నగరానికి చెందిన తెలుగు వర్తకుడు, పత్రికాధిపతి, ప్రజా నాయకుడు. ఈస్టిండియా కంపెనీ పాలనలోని అన్యాయాలను పత్రిక ద్వారాను, మహజరుల ద్వారాను ఎదుర్కొన్న తొలి దక్షిణ భారతీయులలో ఈయన ముఖ్యుడు. దక్షిణ భారతదేశంలో మొదటి రాజకీయ సంస్థగా పేర్కొనబడే మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. భారత జాతీయ కాంగ్రెసు పుట్టుకకు మూడు దశాబ్దాలకు పూర్వమే ఈ కృషి జరిగింది.

కంపెనీ పాలన నేపథ్యం

లక్ష్మీనరసు శెట్టి విమర్శను అర్థం చేసుకోవాలంటే నాటి ప్రభుత్వ స్వరూపం తెలియాలి. అప్పుడు పాలకుడు రాజు కాదు, వాటాదారులకు లాభాలు పంచిపెట్టే ఒక వర్తక సంస్థ. ఏలూరు, రాజమండ్రి మొదలైన ఉత్తర సర్కారులకు 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం నుండి కంపెనీ ఫర్మానా పొందింది. 1766లో నిజాముతో ఒడంబడిక చేసుకుంది. 1802 నుండి ఇక్కడ శాశ్వత శిస్తు పద్ధతి అమలుకు వచ్చింది. జమీందారులు పేష్కషు బకాయి పడితే ఎస్టేటులు వేలానికి వచ్చేవి, ఆ భారమంతా చివరకు రైతులపై పడేది. 1830వ దశకంలోని కరవులతో గోదావరి ప్రాంతం మరింత చితికిపోయింది.

రాజమండ్రి జిల్లా దుస్థితిపై 1844లో హెన్రీ మాంట్‌గొమరీ నివేదిక ఇచ్చిన తరువాతనే ప్రభుత్వం మేల్కొంది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పనిని 1847లో ఆరంభించి 1852లో ముగించాడు. నేడు తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరే కాలువ, కొల్లేటి పరిసరాల వరకు పరచుకున్న వరి పొలాలు ఆ ఆనకట్ట ఫలితమే. నీటి వనరులు కల్పించకుండా శిస్తు మాత్రం పిండుకోవడమే మద్రాసు ప్రెసిడెన్సీ రైతులకు మూల సమస్య. లక్ష్మీనరసు శెట్టి చేపట్టినది ఈ సమస్యనే.

బాల్యం, వ్యాపారం

ఈయన 1806లో మద్రాసులో జన్మించాడు. తండ్రి సిద్ధులు శెట్టి నీలిమందు, వస్త్రాల వ్యాపారి. లక్ష్మీనరసు శెట్టి సామాన్యమైన చదువు తరువాత తండ్రి వ్యాపారంలో చేరి, దానిని వృద్ధి చేసి ధనవంతుడయ్యాడు. యౌవనం నుండే మిత్రులతో కూడి ప్రజా విషయాలపై చర్చలు జరిపేవాడు.

క్రెసెంట్ పత్రిక

ఆ కాలంలో మద్రాసులోని ఆంగ్ల పత్రికలు ఐరోపావారి చేతులలో ఉండేవి. లక్ష్మీనరసు శెట్టి ఒక చిన్న పత్రికను కొని, దానికి క్రెసెంట్ అని పేరు పెట్టి, 1844 అక్టోబరు 2న తొలి సంచికను వెలువరించాడు. సైన్యంలో పనిచేసిన ఎడ్వర్డ్ హార్లే అనే ఆంగ్లేయుడిని సంపాదకుడిగా నియమించాడు. ఈ పత్రిక ప్రకటనను ప్రచురించడానికి ప్రభుత్వ గెజిట్ నిరాకరించింది.

ప్రారంభంలో ఆయన పోరాటం మత విషయాల చుట్టూ సాగింది. గవర్నరు ట్వీడేల్ కాలంలో ప్రభుత్వ పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథంగా ప్రవేశపెట్టాలనే ప్రతిపాదన వచ్చింది. దీనికి వ్యతిరేకంగా 1846 అక్టోబరులో మద్రాసులో సభ జరిగింది. సుమారు 12,000 మంది సంతకాలతో కంపెనీ డైరెక్టర్లకు మహజరు పంపారు. డైరెక్టర్లు ఆ ప్రతిపాదనను తిరస్కరించారు. మతం మారినవారికి వారసత్వపు హక్కు కాపాడే 1850 నాటి చట్టాన్ని కూడా ఈయన వర్గం ప్రతిఘటించింది. నేటి దృష్టితో చూస్తే ఈ రెండవ విషయంలో ఆయన వైఖరి పూర్వాచార పక్షమేనని చెప్పాలి.

మద్రాసు నేటివ్ అసోసియేషన్

1851లో కలకత్తాలో బ్రిటిష్ ఇండియన్ అసోసియేషన్ ఏర్పడింది. దానికి శాఖగా 1852 ఫిబ్రవరి 26న మద్రాసులో ప్రారంభమైన సంఘం కొద్ది నెలలకే విడివడి మద్రాసు నేటివ్ అసోసియేషన్‌గా మారింది. కంపెనీ చార్టరు గడువు 1853తో ముగియనున్నది. దానిని పొడిగించే ముందు పార్లమెంటు ప్రజల మాట వినాలన్నది సంఘం ఉద్దేశం. 1852 చివరలో పంపిన మహజరులో ప్రధానాంశాలు ఇవి:

* శిస్తు భారం, వసూలులో అధికారుల దౌర్జన్యం
* మగ్గాలు, పనిముట్లు, చిల్లర వర్తకాలపై విధించే మొతర్ఫా పన్ను
* ఉప్పుపై ప్రభుత్వ గుత్తాధికారం
* రోడ్లు, చెరువులు, కాలువల పట్ల నిర్లక్ష్యం
* న్యాయస్థానాల ఆలస్యం, విద్యకు చాలీచాలని ఖర్చు

పార్లమెంటు 1853లో కంపెనీ పాలనను కొనసాగించింది గాని, పూర్వంవలె ఇరవై సంవత్సరాల గడువు మాత్రం ఇవ్వలేదు.

చిత్రహింసల విచారణ

1853లో ఇండియా రిఫార్మ్ సొసైటీకి చెందిన పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమర్ మద్రాసు వచ్చాడు. లక్ష్మీనరసు శెట్టి ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు తిరిగి, రైతుల బాధలను స్వయంగా చూపించాడు. శిస్తు చెల్లించలేని రైతులను ఎండలో నిలబెట్టడం, మెడ వంచి కాళ్ళకు కట్టివేయడం, కిట్టి అనే కొయ్య సాధనంతో వ్రేళ్ళు నొక్కడం అప్పటికి మామూలు విషయాలు. 1854 జూలైలో సీమర్ ఈ సంగతిని కామన్స్ సభలో లేవనెత్తాడు.

ఫలితంగా మద్రాసు ప్రభుత్వం ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురితో విచారణ సంఘాన్ని నియమించవలసి వచ్చింది. 1855లో వెలువడిన నివేదిక చిత్రహింసలు నిజమేనని అంగీకరించింది. నేరం ప్రధానంగా దేశీయ చిరుద్యోగులదని చెప్పినప్పటికీ, శిస్తు వసూలు, పోలీసు అధికారం ఒకే చేతిలో ఉండడంలోని ప్రమాదాన్ని అది బయటపెట్టింది. 1859 నాటి చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రత్యేక పోలీసు శాఖ ఏర్పడింది. ఈ నివేదిక ఆధారంగా కార్ల్ మార్క్స్ 1857 సెప్టెంబరులో న్యూయార్కు డైలీ ట్రిబ్యూన్ పత్రికలో వ్యాసం వ్రాశాడు.

1855లో అసోసియేషన్ 14,000 మంది సంతకాలతో మరో మహజరు పంపి, కంపెనీని తొలగించి బ్రిటిష్ రాణి నేరుగా పాలించాలని కోరింది. ఆ మార్పు 1858లో వచ్చింది. అయితే దానికి తక్షణ కారణం మహజరు కాదు, 1857 నాటి తిరుగుబాటు.

చివరి సంవత్సరాలు

ఒకనాడు అనుమానంతో చూసిన ప్రభుత్వమే తరువాత ఈయనను స్టార్ ఆఫ్ ఇండియా బిరుదుతో గౌరవించింది. 1863లో మద్రాసు శాసన మండలిలో సభ్యుడిగా నియమించింది. కాని పత్రికకు, ప్రజా కార్యాలకు చేసిన వ్యయంతో ఆయన సంపద కరిగిపోయింది. 1868లో పేదరికంలో మరణించాడు. 1860వ దశకంలోనే స్తబ్ధమైన అసోసియేషన్ ఆ తరువాత కొంత పునరుద్ధరింపబడినా నిలదొక్కుకోలేదు. ఆ లోటును తీర్చినది 1884లో ఏర్పడిన మద్రాసు మహాజన సభ.

ప్రాముఖ్యత

లక్ష్మీనరసు శెట్టి బ్రిటిష్ అధికారాన్ని పూర్తిగా తిరస్కరించలేదు. కంపెనీ పోయి రాణి వస్తే న్యాయం జరుగుతుందని నమ్మాడు. ఆ నమ్మకం తరువాతి తరాలకు నిలవలేదు. అయినా వ్యాపార సంస్థ చేతిలో రాజ్యాధికారం ఉంటే సామాన్యుడికి దిక్కెవరన్న ప్రశ్నను, సాక్ష్యాధారాలతో సహా పార్లమెంటు దాకా తీసుకువెళ్ళిన వర్తకుడుగా ఈయనకు చరిత్రలో స్థానం ఉంది.